ఉపవాసంతో చర్మం మెరుస్తుందని రాసేముందు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

కార్తీక మాసం వచ్చిందంటే తెలుగు పత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ, కుటుంబ పేజీల్లోనూ ఉపవాసం గురించి వ్యాసాలు వరుసగా వస్తాయి. ఉపవాసం ఉంటే ఒంట్లోని విషాలు బయటికి పోతాయి, మొటిమలు తగ్గుతాయి, చర్మం మెరుస్తుంది, వయసు మీద పడదు అనే మాటలు వాటిలో దాదాపు మార్పు లేకుండా కనిపిస్తాయి. ఫార్మసీ చదువుకుని చెన్నై పెరంబూరులో చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. రైల్వే ఉద్యోగాల కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కల వీధుల్లో చాలా ఉన్నాయి. ఆ వ్యాసాలు చదివినవారు మర్నాడు పొద్దున్నే మా కౌంటర్ దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలే ఈ ఉత్తరానికి కారణం.

ఉపవాసాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో కార్తీక సోమవారాలు, ఏకాదశులు నా చిన్నప్పటినుంచీ పాటిస్తున్నాం. భక్తితో చేసేదానికి వైద్యపరమైన కారణం చూపించవలసిన అవసరమూ లేదు. కానీ దాన్నే చర్మానికి చికిత్సగా, షుగర్‌కు విరుగుడుగా రాసినప్పుడు, ఒక మందు విషయంలో అడిగే ప్రశ్నలన్నీ దాని విషయంలోనూ అడగాలి. ఎవరికి పనిచేస్తుంది, ఎంతవరకు పనిచేస్తుంది, ఎవరికి పడదు, ఏ మాత్రలు వేసుకునేవారికి ప్రమాదం అన్నవి చెప్పకుండానే వ్యాసాలు అచ్చవుతున్నాయి. ఆఖరి ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్ల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలను దగ్గరనుంచి చూసినవాణ్ని కనుక, కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట విషాల సంగతి. రాత్రి భోజనం తర్వాత మళ్లీ ఏమీ తినకపోతే శరీరం ముందుగా కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించి రక్తానికి చక్కెర అందిస్తుంది. ఆ నిల్వ సుమారుగా ఒక రోజుకు సరిపోతుంది. అది తరిగేకొద్దీ కొవ్వు కరగడం పెరుగుతుంది, ఆ కొవ్వునుంచి ఒంటికి ఇంధనంగా పనికొచ్చే కీటోన్లు తయారవుతాయి, రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఉపవాసంలో జరిగే అసలు మార్పు ఇదే. ఒంట్లో చేరిన వ్యర్థాలను తీసే పని కాలేయమూ మూత్రపిండాలూ తిన్న రోజూ చేస్తాయి, తినని రోజూ చేస్తాయి. చెమటలో పోయేది ప్రధానంగా నీరూ ఉప్పూ. ఈ మధ్య ఇలాంటి వ్యాసాల్లో 2016 నోబెల్ బహుమతి ప్రస్తావన కూడా తప్పకుండా ఉంటోంది. కణం తనలోని పాడైన భాగాలను తానే విడగొట్టి తిరిగి వాడుకునే ఆటోఫజీ అనే ప్రక్రియను విప్పి చెప్పినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి ఆ బహుమతి వచ్చిన మాట నిజం. అయితే ఆయనకు పేరు తెచ్చిన ప్రయోగాలు ఈస్ట్ కణాల మీద జరిగినవి. పదహారు గంటలు తినకుండా ఉంటే మనిషి మొహం మీద ముడతలు పోతాయన్నది ఆ పరిశోధనలో తేలిన విషయం కాదు, దాన్నే ఆధారంగా చూపించి అలా రాయడం పాఠకులను తప్పుదారి పట్టించడమే.

రోజులో ఎనిమిది గంటల్లోనే తిని మిగతా పదహారు గంటలు మానేసే పద్ధతి గురించి కూడా కొలిచి చూసినవారు ఉన్నారు. చైనాలోని గ్వాంగ్జౌలో స్థూలకాయం ఉన్న 139 మందిని రెండు జట్లుగా చేసి, రెండు జట్లకూ ఒకేలా తిండి తగ్గించి, ఒక జట్టును మాత్రం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపలే తినమన్నారు. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లవారూ బరువు తగ్గారు, వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఈ ఫలితం చెప్పేది ఏమిటంటే, మేలు చేసింది మొత్తం మీద తిన్నది తగ్గడమే. గడియారం చూసి తినడం కొందరికి తిండి తగ్గించుకోవడానికి సులువైన దారి కావచ్చు. అలాంటివారు పాటించడంలో తప్పేమీ లేదు.

తిండికీ చర్మానికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సంబంధం ఉంది, అది చాలావరకు ఇన్సులిన్ ద్వారా నడుస్తుంది. తెల్ల అన్నం, మైదా, చక్కెర లాంటివి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతాయి, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా విడుదల కావాల్సి వస్తుంది. ఇన్సులిన్, దానితోపాటు చురుకయ్యే ఐజీఎఫ్-1 అనే హార్మోన్, చర్మంలోని నూనె గ్రంథులను ఎక్కువ నూనె తయారుచేసేలా పురిగొల్పుతాయి. ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్ల ప్రభావాన్నీ పెంచుతాయి. మొటిమలకు నేల అక్కడ తయారవుతుంది. 2007లో మెల్‌బోర్న్ పరిశోధకులు మొటిమలున్న 43 మంది యువకులకు, 15 నుంచి 25 ఏళ్లలోపు వారికి, పన్నెండు వారాలు పరీక్ష పెట్టారు. నెమ్మదిగా అరిగే పిండిపదార్థాలు, తగినంత ప్రోటీన్ ఉన్న భోజనం తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అంతకుముందు 2002లో పాపువా న్యూగినీకి చెందిన కిటావా దీవిలో సుమారు 1200 మందిని పరీక్షించిన వైద్యులకు ఒక్కరి మొహం మీదా మొటిమ కనిపించలేదు. ఆ దీవివాసులు దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి తింటారు. దుంపలు తిన్నంత మాత్రాన మొటిమలు వస్తాయని చెప్పడానికి లేదన్నమాట. చక్కెర, మైదా, ప్యాకెట్ తిండి లేకపోవడం, రోజంతా ఒంటికి పని ఉండడం అన్నీ కలిసే లెక్కలోకి వస్తాయి.

పాల సంగతీ ఒకటుంది. అమెరికాలో 47,355 మంది నర్సులను వాళ్లు హైస్కూల్లో ఉన్నప్పుడు ఏం తినేవారో అడిగి చూస్తే, పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు ఎక్కువగా తాగినవారిలో మొటిమలు ఎక్కువని తేలింది. పాలే కారణమని దానివల్ల రుజువు కాలేదు, అయినా మొటిమలు తగ్గని పిల్లలకు కొంతకాలం పాలు తగ్గించి చూడమని చెప్పడంలో నష్టం లేదు. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు మా షాపులో వే ప్రోటీన్ డబ్బా కొనుక్కుని, నెల తిరగకముందే వీపు నిండా మొటిమలతో క్రీము అడగడానికి వస్తారు. వే కూడా పాలనుంచి తీసేదేనని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇక ఉపవాసం రోజున మనం నిజంగా తినేది ఏమిటో చూడండి. అన్నం మానేస్తాం. దాని బదులు సగ్గుబియ్యం ఉప్మా, అరటిపండ్లు, చక్కెర వేసిన పాలు, రెండు మూడు కాఫీలు. సగ్గుబియ్యం మనకు దగ్గర్లోని సేలం చుట్టుపక్కల కర్రపెండలం దుంపనుంచి తయారవుతుంది. అది దాదాపు పూర్తిగా పిండిపదార్థమే, ప్రోటీన్ లేదనే చెప్పాలి. శనివారం రాత్రి అన్నం మాని ఇడ్లీలు, ఉప్మా తినే ఇళ్లూ ఇంతే, బియ్యం మరో రూపంలో లోపలికి వెళ్తుంది. పగలంతా ఖాళీ కడుపుతో ఉండి, చుక్కను చూశాక పులిహోర, చక్కెర పొంగలి, గారెలు కడుపునిండా తింటే, ఇన్సులిన్ పరంగా ఆ రోజు మామూలు రోజుకన్నా భారమైన రోజు. అదే ఉపవాసం విడిచేటప్పుడు ముందు గ్లాసు మజ్జిగ, నానబెట్టిన పెసరపప్పు, ఉడకబెట్టిన వేరుశనగలు, జామకాయ తీసుకుని, ఆ తర్వాత కొద్దిగా అన్నం తింటే ఒంటికి తేలిక. ఇక్కడి గుళ్లలో ప్రసాదంగా పెట్టే శనగల సుండల్ కన్నా మంచి ఆహారం ఆ వేళకు నాకు తోచదు. పప్పుధాన్యాలు కూడా తినని నియమం ఉన్నవారు పాలు, పెరుగు, పండ్లు, వేరుశనగలతో సరిపెట్టుకోవచ్చు.

ఆ మధ్య ఒక తల్లి, డిగ్రీ చదివే కూతురూ షాపుకు వచ్చారు. అమ్మాయి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంది. "ఎంత రుద్దినా ఈ మట్టి పోవడం లేదండీ, మంచి స్క్రబ్ ఏదైనా ఇవ్వండి," అని తల్లి అడిగింది. రుద్ది రుద్ది అక్కడ చర్మం గీసుకుపోయి ఉంది. ఆ పిల్ల చర్మం తేలికపడుతుందని ఎక్కడో చదివి మధ్యాహ్న భోజనం మానేసి పండ్ల రసాలతో గడుపుతోందని మాటల్లో తెలిసింది. అది మట్టి కాదు. అకాంథోసిస్ నైగ్రికన్స్ అనే ఆ నలుపు మెడ మీద, చంకల్లో, కొందరికి వేళ్ల కణుపుల మీద వస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై, కణాలు దాని మాట వినడం లేదనడానికి అది బయటికి కనిపించే గుర్తు. స్క్రబ్ అమ్మకుండా, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి డాక్టరుకు చూపించమని పంపించాను. హార్మోన్లు అదుపు తప్పి నెలసరి సరిగా రాని పీసీఓడీ సమస్య ఉన్న అమ్మాయిల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి దేశమంతటా చేసి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఆ అంచున ఉన్నవారిలో ఎంతోమందికి మొదట కబురు చెప్పేది మెడే. పత్రికలో చర్మ సౌందర్యం పేజీలో మెడ నలుపుకు నిమ్మరసం, శనగపిండి రాయమని వేసే బదులు ఈ నాలుగు మాటలు వేస్తే ఎంత మేలో ఆలోచించండి.

అలాంటివారికే ఎవరో ఒకరు తెల్లబడే క్రీము పేరుతో స్టిరాయిడ్ కలిసిన ట్యూబు చెబుతారు. మొదటి వారం రంగు తేలినట్టు కనిపిస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు బయటపడి, మొటిమలు విరుచుకుపడతాయి, మానేస్తే మొహం మండుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మకూడదని 2018లో కేంద్రం స్పష్టం చేసినా అడిగేవారు తగ్గలేదు.

జుట్టు సంగతి మరోలా ఉంటుంది. ఒక్కసారిగా తిండి బాగా తగ్గించి బరువు తగ్గినవారికి జుట్టు వెంటనే ఊడదు. పెరిగే దశలో ఉన్న వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత దువ్వెనకు గుత్తులు గుత్తులుగా వస్తాయి. అప్పటికి డైట్ సంగతి మరిచిపోయి ఉంటారు కనుక షాంపూ మీదో, నీళ్ల మీదో తప్పు వేసి, బయోటిన్ మాత్రలు అడుగుతారు. మామూలుగా తినేవారిలో బయోటిన్ లోపం అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకుంటూ రక్తపరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు, గుండెపోటును పట్టి ఇచ్చే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పు చెప్పవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిమీద హెచ్చరిక జారీచేసింది. జుట్టు ఊడుతున్న ఆడవారికి బయోటిన్ కన్నా ముందు చూడవలసింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. వారంలో రెండు రోజులు ఉపవాసాలు, మిగతా రోజుల్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం అనే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ అంకె ఎందుకు తగ్గడం లేదో వేరే చెప్పనక్కర్లేదు.

తిండిలో లోపం చర్మం మీద అచ్చు గుద్దినట్టు కనిపిస్తుందని మనవాళ్లకు తెలిసినంతగా చాలా ప్రాంతాలవారికి తెలియదు. జొన్నలే ప్రధానంగా తినే దక్కన్ ప్రాంతంలో ఎండ తగిలే చేతులు, మెడ నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా అనే బీ3 విటమిన్ లోపపు జబ్బు కనిపించేది. ఆ జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధం ఉందని 1960లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం హైదరాబాద్‌లో చూపించింది. ఆ బృందం పనిచేసిన సంస్థ పుట్టింది మన దగ్గరే, 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బీ1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి మీద విచారణకు. 1958లో హైదరాబాద్‌కు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మరపట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు (నేటి కోస్తాంధ్ర) జిల్లాల్లో బెరిబెరి ఎక్కువగానూ, ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో తక్కువగానూ ఉండేదన్న సంగతి, చెన్నైలో ఉంటూ ఉప్పుడు బియ్యం అన్నాన్ని చిన్నచూపు చూసే మనవాళ్లు తెలుసుకోవలసిందే. ఇప్పుడు మా కౌంటర్ దగ్గర ఎక్కువగా కనిపించేది బీ12 లోపం. మాంసం, గుడ్డు తినని పెద్దవాళ్లు చేతులు బల్ల మీద పెట్టినప్పుడు వేళ్ల కణుపులు మాత్రం బొగ్గు పూసినట్టు ఉంటాయి, నాలుక ఎర్రగా నున్నగా ఉంటుంది, అరికాళ్లు తిమ్మిర్లంటారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటొప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 ఒంటపట్టడం ఇంకా తగ్గుతుంది. ఇలాంటివారికి చర్మం మెరవడానికి ఉపవాసం ఉండమని చెప్పడం, ఉన్న లోపాన్ని పెంచడమే.

పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలిన ఊరిది. ఆకలి ఒంటిని ఎంతకు తీసుకెళ్తుందో ఇక్కడి తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. అంతదాకా వెళ్లకముందే ఏం జరుగుతుందన్నది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో నమోదు చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమంతట తాముగా ముందుకొచ్చి ఆరు నెలలపాటు సగం తిండితో ఉన్నారు. వాళ్ల చర్మం ఎండి గరుకుబారింది, జుట్టు రాలింది, చలికి తట్టుకోలేకపోయారు, మనసు నిలకడ తప్పింది. చర్మం మెరిసిన దాఖలా అందులో లేదు.

అన్నం పూర్తిగా మానేసి కొవ్వులతోనే గడిపే పద్ధతులు పాటించేవారిలో కొందరికి వీపు, ఛాతీ, మెడ మీద వలలా అల్లుకున్న ఎర్రటి దురద మచ్చలు వస్తాయి. జపాన్‌లో 1971లో మొదట వర్ణించిన ఈ సమస్య, ఒంట్లో కీటోన్లు పెరిగినప్పుడు వస్తుంది. తిరిగి పిండిపదార్థాలు మొదలుపెడితే చాలామందికి తగ్గిపోతుంది. దీన్ని "విషాలు బయటికి వస్తున్నాయి, ఓర్చుకోండి" అని చెప్పి ఇంకా కొనసాగించమనేవారు ఉన్నారు, అందుకే రాస్తున్నాను. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ ఉంది.

మొటిమలకు మందు వాడేవారికి ఒక మాట. ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటపడుతుంది, ఖాళీ కడుపున వేసుకుంటే సగం వృథా. డాక్సీసైక్లిన్‌ను నీళ్లు లేకుండా మింగితే అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడవచ్చు. నిండా నీళ్లు తాగి, వెంటనే పడుకోకుండా ఉండాలి. నిర్జలంగా ఉండే రోజున ఈ రెండింటినీ ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

ఇప్పుడు అసలు భయపడవలసిన విషయానికి వస్తాను. ఒక కార్తీక సోమవారం మధ్యాహ్నం మా వీధిలోని ఒకాయన కొడుకు వచ్చి, "నాన్న పొద్దుటినుంచీ ఉపవాసం అండీ, బాగా నీరసంగా ఉన్నారు, ఏదో మాట్లాడుతున్నారు, బలానికి టానిక్ ఏదైనా ఇవ్వండి," అన్నాడు. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారా అని అడిగాను. "వేసుకున్నారండీ, మాత్ర మానకూడదని డాక్టరుగారు చెప్పారు కదా." మీటర్ పట్టుకుని వెంట వెళ్లాను. పెద్దాయన చొక్కా చెమటతో తడిసి ఉంది, కొడుకును తమ్ముడి పేరుతో పిలుస్తున్నారు. మీటర్ 46 చూపించింది. స్పృహ ఉంది కనుక మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఏదైనా తినిపించి ఆసుపత్రికి పంపించాం. ఆయన వేసుకున్నది గ్లిమిపిరైడ్. ఈ రకం మాత్రలు, అంటే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, మనం తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తాయి. ఇవి వేసుకుని తిండి మానేస్తే చక్కెర 70 కన్నా కిందికి, ఒక్కోసారి ప్రాణాపాయం దాకా పడిపోతుంది. ఒకసారి సర్దుకున్నా మాత్ర ప్రభావం ఉన్నంతసేపు మళ్లీ పడిపోవచ్చు, అందుకే ఆసుపత్రికి పంపించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు గాని చక్కెర గాని పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారికీ ప్రమాదం ఇదే.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రల ప్రమాదం వేరు. ఇవి చక్కెరను మూత్రంలో పంపించేస్తాయి, దానితో నీరూ పోతుంది. వీటిని వేసుకుంటూ తిండీ నీళ్లూ మానేస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. మీటర్‌లో చక్కెర మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కనుక ఇంట్లోవాళ్లకు అనుమానం కూడా రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. బీపీకి నీరు తీసే మాత్ర కలిసిన మందులు వాడేవారు నిర్జలంగా ఉంటే లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు. మోకాళ్ల నొప్పుల మాత్రను ఖాళీ కడుపున వేసుకుంటే పొట్టలో పుండు, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు వేసుకుంటే మూత్రపిండాలకు దెబ్బ. ఫిట్స్ మందు ఒక్కపూట తప్పినా ఫిట్స్ తిరిగి రావచ్చు. థైరాయిడ్ మాత్ర ఎలాగూ పరగడుపున నీళ్లతో వేసుకునేదే కనుక మామూలు ఉపవాసానికి అడ్డం రాదు.

ఈ విషయంలో ముస్లిం సోదరులను చూసి మనం నేర్చుకోవాలి. మా దగ్గర మందులు కొనే ముస్లిం కుటుంబాలు రంజాన్‌కు ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ మాత్ర సహరీకి, ఏది ఇఫ్తార్‌కు, ఏది తగ్గించాలి అని మార్చి రాయించుకుని ఆ చీటీతో వస్తారు. పదమూడు దేశాల్లో షుగర్ ఉన్న వేలమంది ముస్లింలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో రంజాన్ నెలలో తీవ్రంగా చక్కెర పడిపోవడం మామూలు నెలలకన్నా ఎన్నో రెట్లు పెరిగినట్టు తేలాక, అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య వాళ్లకోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు తయారుచేసింది. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవమని వాటిలో ఉంది. కార్తీక సోమవారాలకు, ఏకాదశులకు, అట్లతద్దికి మనలో అలా ముందుగా వెళ్లేవారు నాకు కనిపించలేదు. సోమవారం తెల్లవారి ఏడు గంటలకు, స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చి, "ఈవేళ మాత్ర వేసుకోవాలా వద్దా" అని నన్ను అడుగుతారు. మాత్ర మార్చే అధికారం నాకు లేదు, డాక్టరు అప్పటికి రారు.

మన పెద్దలే ఏకాదశి ఉపవాసాన్ని ఎనిమిదేళ్లు నిండినవారికీ ఎనభై నిండనివారికీ చెప్పారు, రోగులను, గర్భిణులను వదిలిపెట్టారు, పూర్తిగా ఉండలేనివారికి ఏకభుక్తం (ఒంటిపూట భోజనం), నక్తం (రాత్రి మాత్రమే భోజనం) అని తేలిక దారులు చూపించారు. బాలింతలు, ఎదిగే పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, తిండి మానడమే వ్యసనంగా మారి ఎప్పుడైనా చికిత్స తీసుకున్నవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఇది ఆచారంలోనే ఉన్న వెసులుబాటు కనుక పత్రికలో రాస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.

కనుక తమకు నా మనవి. ఉపవాసం మీద వ్యాసం వేసిన ప్రతిసారీ, అదే పేజీలో, చదవగలిగే అక్షరాల్లో ఒక హెచ్చరిక పెట్టె వేయండి. చర్మం గురించి, జుట్టు గురించి వచ్చే వ్యాసాలను అచ్చుకు ముందు ఒక చర్మవ్యాధుల నిపుణుడికో, పోషకాహార నిపుణుడికో చూపించండి. విషాలు, శుద్ధి అనే మాటలకు ఆధారం అడగండి. వీలైతే కార్తీకానికి నెల ముందే, ఆశ్వయుజంలోనే, మాత్రల సంగతి విడిగా ఒక వ్యాసంగా వేయండి, పాఠకులకు డాక్టరును కలిసే వ్యవధి ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చక్కెర తగ్గించమని, ధాన్యాల వాటా తగ్గించి పప్పులు, కూరలు పెంచమని ఉంది. వాటిని మన వంటల్లోకి దించి వారం వారం ఒక భాగంగా ప్రచురించినా చర్మానికి అంతకు మించిన మేలు చేసే శీర్షిక ఉండదు.

మా షాపు అద్దం మీద తెలుగులోనూ తమిళంలోనూ రాసి అంటించిన కాగితంలో ఉన్న మాటలు ఇవి. తమరు డాక్టరుకు చూపించి, అవసరమైన మార్పులు చేసి వాడుకోవచ్చు: "షుగర్ మాత్రలు, ఇన్సులిన్, బీపీకి నీటి మాత్రలు, ఫిట్స్ మందులు వాడేవారు ఉపవాసానికి కనీసం వారం ముందు డాక్టరును కలిసి ఆ రోజు ఏ మందు ఎలా వేసుకోవాలో రాయించుకోండి. మందులు మీ అంతట మీరు మానవద్దు, డాక్టరును అడగకుండా మందు వేసుకుని తిండి మానవద్దు. ఉపవాసంలో చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తే వెంటనే చక్కెర పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే ఉపవాసం అక్కడితో విడిచి చక్కెర నీళ్లు తాగండి."

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
పెరంబూరు, చెన్నై.
(పేరు ప్రచురించవద్దని మనవి.)